ఇంటి పిల్లుల చర్మంపై చిన్నపాటి రుగ్మతలు: ఒక సమీక్ష

గడప దాటకుండా ఇంట్లోనే పెరిగే పిల్లికి వచ్చే చర్మ సమస్యలలో అధికభాగం ప్రాణం మీదికి తెచ్చేవి కావు. వీపు మీద చేతికి గరుకుగా తగిలే పక్కులు, మెడ చుట్టూ గోకుడు గీతలు, నాకి నాకి నున్నబడిన పొట్ట, చెవిలో ముదురు గోధుమ రంగు గులిమి, గడ్డం కింద మిరియాల పొడి చల్లినట్టుండే నల్లటి చుక్కలు, అక్కడక్కడ గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలు: పశువైద్యుల ముందుకు వచ్చేవాటిలో ఇవే ఎక్కువ. ఇవి చిన్నవే అయినా, వీటి కారణాన్ని తేల్చడం మాత్రం తేలిక కాదు. తన బాధను వెలిబుచ్చడానికి పిల్లి చర్మానికి ఉన్న మార్గాలు చాలా తక్కువ కావడం వల్ల, పురుగు కుట్టినా, తిన్న మాంసం పడకపోయినా, ఇంటి ధూళి సరిపడకపోయినా, చివరికి మూత్రాశయంలో నొప్పి ఉన్నా పైకి కనిపించేది ఒకే తీరున ఉండవచ్చు. రూపాన్ని చూసి రోగానికి పేరు పెట్టి, ఆ పేరును బట్టి మందు రాయడమనే పాత పద్ధతి పిల్లుల విషయంలో ఎంత తరచుగా దారి తప్పిస్తుందో పశు చర్మవైద్యం గత కొన్ని దశాబ్దాలలో క్రమంగా గ్రహిస్తూ వచ్చింది. ఆ గ్రహింపు పిల్లుల యజమానుల దాకా ఇంకా పూర్తిగా చేరలేదు.

పూర్తిగా ఇంటికే పరిమితమైన పిల్లి తెలుగు నేలకు కొంత కొత్తదే. ధాన్యపు గాదెల దగ్గర ఎలుకల కోసం ఉండనిచ్చిన పిల్లి ఊరంతా తిరిగివచ్చి, ఇంత పెరుగన్నం తిని అరుగు మీద పడుకునేది. దాని చర్మం ఎలా ఉందో చూసినవారు లేరు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు పెరుగుతున్న పిల్లి, ముఖ్యంగా పొడవాటి బొచ్చు ఉన్న పర్షియన్ పిల్లి, బాల్కనీ దాటదు, యజమాని పక్క మీదే నిద్రపోతుంది, దాని ఒంటి మీద చిన్న మచ్చ పడినా ఆ రోజే కంటబడుతుంది. అందువల్ల చూపు పెరిగింది గాని, దానితోపాటు బయటికి పోని పిల్లికి పురుగు పట్టదన్న ఒక నమ్మకం కూడా పెరిగింది. ఈ వ్యాసంలో పరిశీలించే పొరపాట్లలో చాలావాటికి మూలం ఆ నమ్మకమే.

పిల్లి చర్మపు పైపొర మనిషి చర్మం కంటే పలుచన. ఒక్కొక్క రోమకూపం నుంచి ఒకటి కాక అనేక వెంట్రుకలు, అంటే ఒక పొడవాటి వెంట్రుకతోపాటు చుట్టూ సన్నని నూగు వెంట్రుకలు, గుత్తిగా వస్తాయి. ప్రతి కుదురు పక్కనా ఉండే తైలగ్రంథులు చర్మాన్ని మెత్తగా ఉంచుతాయి. గడ్డం మీద, పెదవుల అంచున, తోక మొదట పైభాగాన ఇవి మరీ పెద్దవి. అయితే పిల్లి చర్మాన్ని అర్థం చేసుకోవాలంటే చర్మం కంటే ముందు నాలుకను చూడవలసి ఉంటుంది. నాలుక మీద వెనక్కి వంగిన గట్టి ముళ్ళుంటాయి. వాటి కొనలు బోలుగా గరిటె ఆకారంలో ఉండి, లాలాజలాన్ని పీల్చుకుని బొచ్చు అడుగున చర్మం దాకా చేరవేస్తాయని 2018లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధన చూపింది. మేలుకుని ఉన్న సమయంలో గణనీయమైన భాగాన్ని పిల్లి ఈ నాకుడుకే వెచ్చిస్తుంది. మురికినీ పురుగులనూ తీసివేసే ఆ నాలుకే దురద పుట్టినప్పుడు వెంట్రుకలను మధ్యకు తెంపి, చర్మాన్ని గీరి, పుండు చేస్తుంది. పైగా కారణమైన పురుగును మింగి సాక్ష్యాన్ని కూడా లేకుండా చేస్తుంది. పిల్లి ఏకాంతంలో నాకే జంతువు కనుక, బొచ్చు తనంతట ఊడిందో నాలుక తెంపిందో యజమానికి తెలియదు. ఆ సంగతి తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటుంది: మచ్చ అంచు నుంచి కొన్ని వెంట్రుకలు పీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే, తనంతట ఊడేవాటి కొనలు సూదిగా సన్నబడి ఉంటాయి, నాకుడుకు తెగినవి మొండిగా విరిగి ఉంటాయి.

రోగం కానివాటిని ముందే పక్కన పెట్టడం అవసరం. కంటికీ చెవికీ మధ్య బొచ్చు పలచగా ఉండడం పిల్లులకు సహజం, పొట్టి బొచ్చు పిల్లులలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నారింజ రంగు పిల్లుల పెదవుల మీద, చిగుళ్ళ మీద, ముక్కు మీద వయసుతోపాటు వచ్చే నల్లని చదునైన చుక్కలు రంగు కణాలు పేరుకోవడం తప్ప మరేమీ కావు. సయామీ పిల్లికి శస్త్రచికిత్స కోసం గొరిగిన చోట కొత్త బొచ్చు ముదురు రంగులో మొలవడం చూసి యజమానులు కంగారు పడతారు. ఆ జాతిలో రంగును తయారుచేసే ఎంజైము చల్లని భాగాలలోనే చురుకుగా పనిచేస్తుంది కనుక, గొరగడం వల్ల చల్లబడిన చోట రంగు చిక్కనవుతుంది.

ఇక నిజమైన సమస్యల విషయానికి వస్తే, దురదకు పిల్లి చర్మం స్పందించే తీరులను వైద్యులు నాలుగుగా గుర్తించారు. మొదటిది మిలియరీ డెర్మటైటిస్, అంటే చిరుధాన్యపు గింజలంత పక్కులు వీపు మీదా మెడ మీదా లేవడం. ఇవి కంటికి ఆనకపోయినా వేళ్ళకు తెలుస్తాయి. రెండవది పొట్ట, తొడల లోపలి వైపు, నడుము పక్కలు నాకి బోడి చేసుకోవడం. ఇందులో చర్మం చాలావరకు మామూలుగానే ఉంటుంది. మూడవది తల, మెడ భాగాలను వెనక కాళ్ళతో గోకి పుండ్లు చేసుకోవడం. నాలుగవది ఇయోసినోఫిలిక్ సముదాయం. అలర్జీలలోనూ పరాన్నజీవుల దాడిలోనూ పెరిగే ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఒకచోట గుమిగూడి, పై పెదవి మీద నొప్పి లేని గుంట పుండుగానో, పొట్ట మీద ఎర్రని తడి పలకలుగానో, తొడ వెనక గట్టి తాడు వంటి గీతగానో కనిపించే స్థితి అది. ఈ నాలుగూ రోగాల పేర్లు కావు. ఒకే పిల్లిలో రెండు మూడు తీరులు కలిసి రావచ్చు, ఒకే కారణం వేర్వేరు పిల్లులలో వేర్వేరు తీరులుగా బయటపడవచ్చు. 'మిలియరీ డెర్మటైటిస్' అని చీటీ మీద రాయడం రోగనిర్ధారణ కాదు, చూసినదాన్ని మరో భాషలో చెప్పడం మాత్రమే.

కారణాలలో అగ్రస్థానం ఫ్లీ అనే రెక్కలు లేని దూకుడు పురుగుది. నిఘంటువులు దీన్ని మిన్నల్లి అంటాయి. పిల్లులనే కాక కుక్కలను కూడా ఎక్కువగా పట్టేది టీనోసెఫాలిడిస్ ఫెలిస్ అనే పిల్లి మిన్నల్లే. దురదకు కారణం కాటు కంటే ఎక్కువగా పురుగు లాలాజలంలోని ప్రొటీన్లు. వాటికి అలర్జీ ఉన్న పిల్లికి కొద్దిపాటి కాట్లే వారాల తరబడి బాధ తెచ్చిపెడతాయి. అటువంటి పిల్లి మరింత తీవ్రంగా నాక్కుంటుంది కనుక దాని ఒంటి మీద పురుగు దొరకడం మరింత కష్టం. ఈ వైరుధ్యాన్ని 2000లో ప్రచురితమైన ఒక అమెరికన్ ప్రయోగం స్పష్టంగా చూపింది: మిన్నల్లులున్న ఇంట్లో కొన్ని పిల్లులకు నాకడానికి వీలులేకుండా మెడ పట్టీలు తొడిగి ఉంచితే, మూడు వారాలకు వాటి మీద స్వేచ్ఛగా నాక్కునే పిల్లుల కంటే రెట్టింపు పురుగులు మిగిలాయి. కాబట్టి పురుగు కనిపించలేదన్నది పురుగు లేదనడానికి రుజువు కాదు. కనిపించేది దాని రెట్ట. సన్నపళ్ళ దువ్వెనతో నడుము మీద, తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేస్తే, మామూలు మట్టి మట్టిగానే ఉంటుంది. మిన్నల్లి రెట్ట అయితే జీర్ణమైన రక్తం కనుక దాని చుట్టూ ఎర్రటి గోధుమ రంగు మరక వ్యాపిస్తుంది. ఖర్చు లేని ఈ పరీక్షను ఇంట్లో ఎవరైనా చేయవచ్చు.

బయటికి పోని పిల్లికి ఇది ఎలా పడుతుందన్న ప్రశ్నకు జవాబు పురుగు జీవితచక్రంలో ఉంది. పిల్లి మీద ఉండే పెద్ద పురుగులు ఇంట్లోని మొత్తం సంఖ్యలో 5 శాతం మేరకే ఉంటాయి. మిగతావన్నీ గుడ్లుగా, డింభకాలుగా, గూళ్ళలో ప్యూపాలుగా పరుపుల మడతల్లో, మంచాల కింద, సోఫా సందుల్లో, తివాచీలలో దాగి ఉంటాయి. ఆడ పురుగు రోజుకు 40 నుంచి 50 దాకా గుడ్లు పెట్టగలదు. గూటిలోని ప్యూపా నెలల తరబడి కదలకుండా ఉండి, దగ్గరలో అడుగుల కదలిక, వెచ్చదనం తగిలినప్పుడు బయటికి వస్తుంది. అందుకే చాలాకాలం ఖాళీగా ఉన్న అద్దె ఇంట్లోకి పిల్లితో దిగినవారికి మొదటి వారంలోనే సమస్య ఎదురవుతుంది. ఎలుకలు, మెట్ల మీద తిరిగే వీధి కుక్కలు, ఇంటికి వచ్చిపోయే ఇతర పెంపుడు జంతువులు కూడా దీన్ని చేరవేస్తాయి. వెచ్చదనం, గాలిలో తేమ దీనికి అనుకూలం కనుక కోస్తా ఆంధ్రలో దీనికి ఏడాది పొడవునా కాలమే. తెలంగాణ, రాయలసీమ ఎండాకాలపు పొడిగాలి ఆరుబయటి డింభకాలను చంపుతుంది గాని, కూలర్ పెట్టిన గది మంచం కింద వాటికి లోటు ఉండదు. ఈ లెక్క తెలిస్తే చికిత్స తీరు కూడా తెలుస్తుంది. పిల్లి మెడ వెనక చుక్కలుగా వేసే సెలామెక్టిన్, ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులను ఒకసారి వేసి ఫలితం లేదనడం తొందరపాటు. గూళ్ళలో ఉన్నవన్నీ బయటపడి చనిపోవాలంటే ఇంట్లోని పిల్లులు, కుక్కలు అన్నిటికీ ఒకేసారి మొదలుపెట్టి, కనీసం మూడు నెలలు విడవకుండా వేయాలి, పక్క గుడ్డలను వేడినీళ్ళలో ఉతకాలి. మిన్నల్లిని మింగిన పిల్లికి దాని ద్వారా బద్దెపురుగు కూడా సోకుతుంది కనుక, మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అది కూడా ఇదే కథలో భాగమని గుర్తించాలి. అలర్జీ లేని పెద్ద పిల్లికి మిన్నల్లి చిరాకు మాత్రమే. పాలు తాగే పిల్లకు మాత్రం రక్తహీనత తెచ్చి చంపగలదు.

మైట్లు అనే అతిసూక్ష్మ పురుగులలో ఇంటి పిల్లిని ఎక్కువగా పట్టేది చెవి మైటు. కాఫీ పొడి వంటి నల్లని పొడి గులిమి, తల విదిలించడం దీని గుర్తులు. భూతద్దంలో చూస్తే తెల్లని చుక్కలు కదులుతుంటాయి. ఇది తల్లి నుంచి పిల్లలకు వస్తుంది కనుక, దత్తత తెచ్చుకున్న పిల్లతోనే ఇంట్లో అడుగుపెట్టడం పరిపాటి. రాబర్ట్ లోపెజ్ అనే అమెరికన్ పశువైద్యుడు పిల్లి చెవి మైట్లను తీసి తన చెవిలోనే వేసుకుని, రాత్రిపూట అవి కదిలే చప్పుడును, భరించలేని దురదను నమోదు చేసి, అందుకుగాను 1994లో హాస్య నోబెల్‌గా పేరుపడిన ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నాడు. పిల్లి ఎంత బాధ పడుతుందో చెప్పడానికి అంతకన్నా ప్రత్యక్ష సాక్ష్యం దొరకదు. నోటోఎడ్రిస్ కాటి అనే మరో మైటు వల్ల వచ్చే పిల్లి గజ్జి చెవి అంచున మొదలై ముఖమంతా బూడిద రంగు మందపు పక్కులు కట్టిస్తుంది; ఇది మనుషులకు కూడా కొన్నాళ్ళు దద్దుర్లు తెస్తుంది. ఇవి రెండూ తగిన మందుకు త్వరగా లొంగుతాయి. పేలు, చుండ్రులా కనిపిస్తూ కదిలే కీలెటియెల్లా మైట్లు సరిగా పోషణ లేని పిల్లులలోనే ఎక్కువ.

మనుషులకు అంటుకునేవాటిలో ప్రధానమైనది తామర. రింగ్‌వర్మ్ అన్న ఇంగ్లీషు పేరును బట్టి పురుగనుకోరాదు, ఇది శిలీంధ్రం, అంటే బూజు జాతికి చెందినది. పిల్లులలో దాదాపు ఎప్పుడూ మైక్రోస్పోరమ్ కానిస్ అనే రకమే కారణం. వెంట్రుక మొదట్లోని కెరటిన్ అనే పదార్థాన్ని తింటూ పెరిగే ఈ శిలీంధ్రం వల్ల వెంట్రుకలు పెళుసుబారి విరిగి, బూడిద రంగు పొలుసులతో గుండ్రని మచ్చ ఏర్పడుతుంది. ఏడాదిలోపు పిల్లి పిల్లలకూ, పర్షియన్ జాతికీ ఇది ఎక్కువ. పొడవు బొచ్చు పిల్లులలో కొన్ని ఏ మచ్చా లేకుండా బీజాలను మోస్తూ ఇంట్లో పిల్లల మెడ మీదా చేతుల మీదా ఎర్రటి వలయాలు తెప్పిస్తాయి. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ 1903లో రూపొందించిన వడపోత గాజు ఆధారంగా తయారైన వుడ్స్ దీపం కింద ఈ శిలీంధ్రం పట్టిన వెంట్రుకలు పచ్చి యాపిల్ రంగులో మెరుస్తాయి. కాని అన్నిసార్లూ మెరవవు, పైగా పూసిన లేపనాలు, గుడ్డ నూగు కూడా మెరవవచ్చు. కనుక మెరిసింది మొదలు నుంచి వెంట్రుకేనా అని చూడడం, అనుమానం ఉంటే ఫ్రెంచి చర్మవైద్యుడు సబురో పేరిట ఉన్న పోషక మాధ్యమంలో పెంచి చూడడం అవసరం. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో తామర కొన్ని నెలల్లో తనంతట తగ్గిపోతుంది. అయినా చికిత్స చేయమనడానికి కారణం ఇంట్లోని మనుషులు, ఇతర జంతువులు. 2017లో ప్రపంచ పశు చర్మవైద్య సంఘం వెలువరించిన మార్గదర్శకాలు నోటి ద్వారా ఇట్రాకొనజోల్, పైన సున్నపు గంధక ద్రావణం లేదా మైకొనజోల్ కలిసిన షాంపూ కలిపి వాడడాన్ని సమర్థించాయి. ఇల్లు శుభ్రపరచడం గురించి అవి చెప్పిన సంగతి మరింత ఉపయోగకరమైనది: బీజాలు ఎండిన చోట ఎక్కువకాలం బతికి ఉన్నా అక్కడ పెరగవు కనుక, రాలిన బొచ్చును ఊడ్చి తీసివేయడం, సబ్బునీళ్ళతో తుడవడమే సగం పని, ఇల్లంతా ఘాటు రసాయనాలతో ముంచెత్తనవసరం లేదు.

పురుగులూ శిలీంధ్రమూ కాదని తేలిన తరవాతే అలర్జీల వంతు. అంతర్జాతీయ పశు అలర్జీ వ్యాధుల సంఘం 2021లో వెలువరించిన వ్యాసాల వరుస ఈ రంగంలోని పారిభాషిక గందరగోళాన్ని కొంత సర్దింది: ధూళి పురుగులు, పుప్పొడి వంటి వాటి వల్ల వచ్చే చర్మ అలర్జీ, ఆహార అలర్జీ, ఉబ్బసం ఈ మూడింటినీ కలిపి పిల్లుల అటోపిక్ సిండ్రోమ్ అన్న గొడుగు కిందికి తెచ్చింది. ఆహార అలర్జీ విషయంలో యజమానుల ఊహలకూ లెక్కలకూ పొంతన తక్కువ. ప్రచురిత కేసులను సమీక్షించినప్పుడు పిల్లులలో ఎక్కువసార్లు కారణమైనవి ధాన్యాలు కావు, గొడ్డుమాంసం, చేపలు, కోడిమాంసం. రక్తపరీక్షల ద్వారా ఆహార అలర్జీని తేల్చడం నమ్మదగిన పద్ధతి కాదు; పిల్లి ఇదివరకు తినని మాంసంతోగాని, ప్రొటీన్లను చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక ఆహారంతోగాని ఎనిమిది వారాలు గడపడమే పరీక్ష, ఎందుకంటే అలర్జీ ఉన్న పిల్లులలో 90 శాతానికి మించి ఆ గడువులోపు మెరుగవుతాయి. కోడి, చేప రోజూ తినే తెలుగింటి పిల్లికి మేకమాంసమో కుందేలు మాంసమో కొత్తది కావచ్చు. ఈ పరీక్షను చెడగొట్టేది తరచుగా వైద్యం కాదు, ఇంట్లో ఎవరో జాలిపడి పెట్టిన ఒక చెంచాడు పెరుగు.

దోమకాటు అలర్జీ గురించి తక్కువ మందికి తెలుసు. ముక్కు దూలం మీద, చెవుల వెలుపలి వైపు, అప్పుడప్పుడు పాదాల మెత్తల మీద పొక్కులు, పక్కులు లేచి, వానాకాలంలో ముదిరి చలికాలంలో తగ్గే ఈ రోగాన్ని కాలువలూ వరిచేలూ ఉన్న డెల్టా ప్రాంతాలలో తామరగానో గజ్జిగానో పొరబడడానికి చాలా వీలుంది. దీనికి పరీక్షా చికిత్సా ఒక్కటే: కిటికీలకూ బాల్కనీకీ దోమతెర బిగించి పిల్లిని లోపలే ఉంచితే, మచ్చలు కొద్ది రోజుల్లోనే మానడం మొదలవుతుంది.

ఇంట్లో బందీగా ఉన్నందువల్ల దిగులుతో బొచ్చు నాక్కుంటోందన్న నిర్ధారణ ఈ మధ్య బాగా వ్యాపించింది. వినడానికి సానుభూతి ఉన్న మాటే గాని, దీన్ని సులువుగా ఒప్పుకోవడానికి లేదు. మానసిక కారణంగా బొచ్చు పోగొట్టుకుంటున్నాయని అనుమానించి పంపిన 21 పిల్లులను క్షుణ్ణంగా పరీక్షించిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. వాటిలో 16 పిల్లులకు శారీరక కారణమే దొరికింది, మూడింటిలో రెండూ కలిసి ఉన్నాయి, కేవలం మానసికమని తేలినవి రెండే. సంఖ్య చిన్నదే అయినా, తలకిందులైన మన అంచనాను ఇంత నిక్కచ్చిగా చూపిన అధ్యయనాలు అరుదు. పొత్తికడుపునే ఎడతెగక నాకే పిల్లికి చర్మం కంటే ముందు మూత్రం పరీక్షించాలని కూడా అనుభవజ్ఞులు చెబుతారు. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ఆటకూ ఎత్తుకు ఎక్కడానికీ చోటు లేకపోవడం నిజమైన ఒత్తిళ్ళే. అవి దురదను పెంచగలవు. దురద లేనిచోట పుట్టించడం అరుదు.

మిగిలినవాటిని క్లుప్తంగా చెప్పవచ్చు. గడ్డం మీది నల్లచుక్కలు తైలగ్రంథుల నాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చే పిల్లి మొటిమలు. ప్లాస్టిక్ గిన్నెలే కారణమన్న ప్రచారానికి బలమైన ఆధారం లేదు గాని, స్టీలు గిన్నెకు మారడం వల్ల నష్టమూ లేదు. వాచి చీము పట్టనంతవరకు వాటిని గోళ్ళతో నొక్కకుండా వదిలేయడమే మేలు. తోక మొదట జిడ్డు పేరుకోవడం ఆ గ్రంథుల పనే, శస్త్రచికిత్స చేయించని మగపిల్లులలో ఎక్కువ. నడుము మీద మాత్రమే చుండ్రు రాలుతుంటే, లావెక్కడం వల్లనో ముసలితనపు కీళ్ళ నొప్పుల వల్లనో నాలుక అక్కడికి అందడం లేదని అర్థం. అదే ముసలి పిల్లులలో గోళ్ళు వంకర తిరిగి పాదం మెత్తలోకి దిగబడతాయి. నెలకోసారి పాదాలు చూసే అలవాటు దీనికి చాలు. తేమ గాలిలో పర్షియన్ బొచ్చు అట్టలు కట్టి కింద చర్మం చివుకుతుంది. అట్టలను కత్తెరతో కోయబోయి పలుచని చర్మాన్ని కోసినవారు ఎందరో, ట్రిమ్మరుతో తీయించడమే క్షేమం. తెల్ల పిల్లుల చెవి కొనలు మాత్రం ఈ చిన్నవాటి జాబితాలో చేర్చదగినవి కావు. కిటికీ అద్దం ఎండలోని హానికర కిరణాలలో ఒక భాగాన్ని ఆపుతుంది, బాల్కనీ ఆపదు. రోజూ ఎండ కాగే తెల్ల పిల్లికి చెవి అంచు ఎర్రబడి, పక్కు కట్టి మానకుండా ఉంటే అది క్యాన్సరుకు తొలిమెట్టు కావచ్చు.

పోషణ సంగతి వేరుగా చెప్పుకోవాలి. పిల్లి నికరంగా మాంసాహారి. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని, టారిన్‌ను, విటమిన్ ఏ‌ను మొక్కల ఆహారం నుంచి తన ఒంట్లో తగినంత తయారుచేసుకోలేదు. పాలన్నం, పెరుగన్నం మీద పెరిగే పిల్లి బొచ్చు కాంతి తగ్గి, చర్మం పొడిబారడానికి వేరే రోగం అక్కరలేదు. నల్ల పిల్లి బొచ్చు ఎర్రబారితే అది ఎండ వల్ల మాత్రమే కాక, నల్లరంగుకు ముడిసరుకైన టైరోసిన్ అనే అమైనో ఆమ్లం చాలకపోవడం వల్ల కూడా కావచ్చని ప్రయోగాలు చూపాయి. దీనికి విరుద్ధంగా కొవ్వెక్కువ చేపలే రోజూ పెడితే విటమిన్ ఇ కొరతతో చర్మం కింది కొవ్వు వాచి, ముట్టుకుంటేనే పిల్లి అరిచే స్థితి వస్తుంది.

ఇంతవరకు చెప్పిన రుగ్మతలలో దేనికన్నా ఎక్కువ హాని చేసేది ఇంటి మందుల అల్మారా. పిల్లి ఒంటికి రాసినదంతా కొద్ది నిమిషాల్లో పిల్లి కడుపులోకి పోతుంది. కడుపులోకి పోయిన అనేక పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి బయటికి పంపే పని మనిషి కాలేయం చేస్తుంది. ఆ పనికి అవసరమైన ముఖ్య ఎంజైముల్లో ఒకదాని జన్యువు పులి, సింహాలతో సహా పిల్లి కుటుంబమంతటా పనిచేయని స్థితిలో ఉంది. మాంసమే తిని బతికిన జాతికి మొక్కల విషాలను విరిచే యంత్రాంగం అవసరపడలేదన్నది దీనికి శాస్త్రజ్ఞులు ఇచ్చే వివరణ. ఫలితంగా మనిషికి నిరపాయమైనవి పిల్లికి విషమవుతాయి. మనుషుల గజ్జికి అమ్మే పెర్మెత్రిన్ క్రీము, కుక్కల మిన్నల్లులకు వేసే గాఢ పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి గంటల్లో వణుకు, మూర్ఛలు తెస్తాయి. బెంజైల్ బెంజోయేటు లోషను, టీ ట్రీ నూనె కూడా అంతే. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం తెలుగిళ్ళలో దురదకు పాతకాలపు చిట్కా. ఆ కర్పూరం పిల్లికి విషం. కాలమైన్ లోషనులోని జింకు, నొప్పి బామ్‌లలోని సాలిసిలేటు నాకితే ప్రమాదం. పారాసెటమాల్ చర్మానికి వాడేది కాకపోయినా, దురదతో నీరసించిన పిల్లికి జ్వరమేమోనని అర మాత్ర వేసినా అది చంపగలదు. నేల తుడిచే ఘాటు ఫినాయిల్ తడి మీద నడిచిన పిల్లి తరవాత పాదాలు నాక్కుంటుంది. పాదాల మెత్తలు ఎర్రబడితే ముందు తుడుపు నీళ్ళను అనుమానించాలి. పసుపు, కలబంద, వేపనూనెల గురించి చెప్పవలసి వస్తే, పిల్లి చర్మానికి వాటి వల్ల మేలు జరిగిందనడానికి సరైన ఆధారం లేదు, కలబంద రసం నాకితే వాంతులు, విరేచనాలు అవుతాయి. మూడు నాలుగు మందులు కలిపి మందుల దుకాణాలలో అమ్మే స్టెరాయిడ్ క్రీముల సంగతి మరీ విచారకరం: మనుషుల తామరనే మొండిగా మార్చిన ఆ గొట్టాలను పిల్లి తామరకు పూస్తే దురద తగ్గినట్టు కనిపిస్తూ శిలీంధ్రం విస్తరిస్తుంది.

వైద్యశాలలోనూ ఇటువంటి సత్వర మార్గం ఒకటి ఉంది. దురదతో వచ్చిన పిల్లికి కారణం వెతకకుండా దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే, నాలుగు తీరులలో ఏది ఉన్నా వారంలో మాయమవుతుంది, యజమాని సంతోషిస్తాడు, నెల తిరిగేసరికి అది తిరిగి వస్తుంది. పదే పదే ఇచ్చిన పిల్లులకు మధుమేహం వచ్చే ముప్పు ఉంది. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. అలర్జీ అని తేలిన తరవాత, నోటి మాత్రగా, తగ్గించుకుంటూ పోయే మోతాదులో అది ఎంతో మేలు చేస్తుంది. నిర్ధారణకు బదులుగా వాడినప్పుడే చెడ్డది. పరీక్షల వరుస నిజానికి ఖరీదైనదేమీ కాదు: ముందు దువ్వెన, తడి కాగితం, చెవిలో ఒక చూపు, పీకిన నాలుగు వెంట్రుకలు, గుండ్రని మచ్చ ఉన్నా, పిల్ల వయసున్నా, ఇంట్లో ఎవరికైనా వలయాలున్నా శిలీంధ్ర పరీక్ష, ఏమీ దొరకకపోయినా మూడు నెలలు మిన్నల్లి చికిత్స, అప్పటికీ తగ్గకపోతే ఎనిమిది వారాల ఆహార పరీక్ష, ఆ పైన మిగిలింది పరిసరాల అలర్జీ. ఈ వరుసలో మిన్నల్లి చికిత్స మెట్టు దాటకముందే చాలా పిల్లులు కోలుకుంటాయి, దాన్ని అనవసరమని కొట్టిపారేసేది మాత్రం పిల్లి బయటికి పోదు కదా అనే యజమానులే.

పిల్లి తిండి మానినా, పుండు చీము పట్టినా, ముఖం వాచినా, మచ్చలున్నది పాలు తాగే పిల్లకైనా ఈ వరుస కోసం ఆగకుండా ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. మనుషులదో కుక్కలదో మందు ఇప్పటికే రాసి ఉంటే, నాకకుండా తువ్వాలులో చుట్టి, గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో కడిగి, రాసిన మందు గొట్టాన్నీ దాని అట్టపెట్టెనూ వెంట పెట్టుకుని వైద్యశాలకు వెళ్ళాలి.